పైసలు ఎప్పుడు పడ్డయి?

మా మాదిగవాడల డిగ్రీ చేతికందుకున్న మొదటోణ్ణి నేను. నాకన్నా హుషారైనోళ్ళు వాడలో ఉండిరి. పైసలు టయానికి రాక ఆగిపోయిన్రు. ఉన్నత విద్య చరిత్ర రాసే పెద్దలు ఉస్మానియా 1918, ఆంధ్రా 1926 అని యూనివర్సిటీలు పుట్టిన సంవత్సరాలు రాస్తారు. మా చరిత్ర రాయాలంటే స్కాలర్‌షిప్ చేతిల పడ్డ తేదీలు కావాలె.

ఈ బాధ బాబాసాహెబ్ అంబేద్కర్‌ది కూడా. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా పోయిండు. 1917లో గడువు తీరితే లండన్ చదువు నడుమల ఇడిసిపెట్టి వాపసు రావలసి వచ్చింది. బొంబాయి సిడెనామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, కూడబెట్టి, 1920లో మళ్ళీ లండన్ పోయిండు. ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్నప్పుడే, 1944లో, షెడ్యూల్డ్ కులాల పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. దీన్ని సర్కారు దయ అనేటోళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలె.

నేను 2009లో డిగ్రీల చేరిన. ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరు ఊరూరా మోగుతున్న రోజులు. "ఇగ మీకంతా ఫ్రీయే గదా" అని ఊళ్ళె దొరలు ఎక్కిరించేటోళ్ళు. 2012లో పాసయి టీసీకి పోతే కాలేజీ క్లర్కు, "సర్కారు పైసలు పడలే. నువ్వు కట్టి తీస్కపో, పడ్డంక ఇస్తం" అన్నడు. బాకీ సర్కారుది, కుదువ నా సర్టిఫికెట్లు! బీఈడీ కౌన్సెలింగ్‌కు వారమే ఉంది. మా అవ్వ వెండి కడియాలు సేటు దగ్గర పెట్టింది. అవి తిరిగి రాలేదు. కాలేజీ పైసలూ తిరిగి రాలేదు. ఆ ఏడే ఇంటర్ పాసైన మా చెల్లె, ఇద్దరికీ కట్టుడు అయితలేదని, పత్తి ఏరబోయింది. మార్కులు నాకన్నా దానికే ఎక్కువ. ఏ రిపోర్టులోనూ అది చదువు మానేసిన లెక్కల్లోకి రాదు, చేరనే లేదు కాబట్టి.

2020 డిసెంబర్‌లో కేంద్రం ఈ స్కాలర్‌షిప్‌లకు ఐదేండ్లకు 59,048 కోట్లు మంజూరు చేసింది. అందులో 60 శాతం తన వాటా అన్నది. అంకె పెద్దదే. ఏ నెలలో ఏ పిల్ల ఖాతాల పడ్డయన్నది మనం అడగాలె.

ఇప్పుడు సర్కారు బడిల పంతుల్ని. మా బడి దాటి కాలేజీల చేరిన పిల్లల పేర్లు ఒక నోటుబుక్కుల రాస్తున్న. పేరు పక్కన దరఖాస్తు పెట్టిన తేదీ, దాని పక్కన పైసలు పడ్డ తేదీ. ఎవరన్నా ఆర్జీ పెడతామంటే ఆ బుక్కు ఇస్త.