కవర్ చూసి సినిమా కొనేవాళ్ళ గురించి

నా దగ్గర ఒక బ్లూరే డిస్క్ ఉంది. ఇంతవరకూ దాన్ని ఒక్కసారి కూడా ప్లే చెయ్యలేదు. చెయ్యాలన్నా కుదరదు. బ్లూరేల కోసం ప్రపంచాన్ని ఎ, బి, సి అని మూడు ముక్కలు చేశారు కదా, మన దేశం సి లో ఉంది. లండన్ నుంచి ఓ స్నేహితుడి సూట్‌కేసులో బట్టల మధ్య వచ్చిన ఈ డిస్క్‌ని నా ప్లేయర్లో పెడితే "ఇది మా ఏరియా కాదు" అని బయటికి తోసేస్తుంది. ఆ సంగతి కొనకముందే తెలుసు. తెలిసే కొన్నాను. ఈ మాట మా ఆఫీసులో చెప్తే పక్క సీటాయన నావైపు చూసిన చూపు ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

ఆ సినిమా పేరు 'ద డ్రిల్లర్ కిల్లర్'. నేను కొన్నది సినిమా కాదు, దాని కవర్. (సినిమా అంతకుముందే చూశాను. అంత గొప్పదేం కాదు, ఆ విషయానికి తర్వాతొస్తా.)

"కవర్ కోసం డబ్బులు తగలేస్తారా ఎవరైనా?" అంటే, తగలేస్తారు. ఇలాంటివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. సినిమా ఒకటే అయినా కవర్ మారిందని రెండోసారి కొనేవాళ్ళున్నారు. బయటి అట్టపెట్టె మూల నలిగిందని పార్సిల్ వెనక్కి పంపేవాళ్ళున్నారు. నేనింకా అంతదూరం పోలేదు. కానీ ఈ పిచ్చి వెనకాల ఓ కథ ఉంది. అందులో పోలీసులూ, కోర్టులూ, ఒక దేశపు పార్లమెంటూ కూడా ఉన్నాయి.

మొదట్నుంచీ వద్దాం. జేవీసీ కంపెనీ 1976లో జపాన్లో వీహెచ్ఎస్ తెచ్చింది. అంతకు ఏడాది ముందే సోనీ వాళ్ళ బీటామ్యాక్స్ వచ్చేసింది. అప్పట్లో ఈ మిషన్లు టీవీలో వచ్చేది రికార్డ్ చేసుకోడానికే. సినిమాని క్యాసెట్‌గా అమ్మొచ్చన్న ఆలోచన హాలీవుడ్ వాళ్ళకి రాలేదు, వచ్చినా నచ్చలేదు. 1977లో మిషిగన్ రాష్ట్రంలో ఆండ్రే బ్లే అనే ఆయన స్టూడియోలకి ఉత్తరాలు రాసి, చివరికి ఫాక్స్ వాళ్ళ దగ్గర 50 సినిమాల హక్కులు తీసుకుని తన మాగ్నెటిక్ వీడియో కంపెనీ తరఫున క్యాసెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. అదే ఏడాది చివర్లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్సన్ అనే ఇంకొకాయన ఆ క్యాసెట్లే కొని అద్దెకిచ్చే కొట్టు తెరిచాడు. ఏడాదికి 50 డాలర్ల సభ్యత్వం, రోజుకి 10 డాలర్ల అద్దె. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

ఇక్కడే అసలు సంగతి మొదలవుతుంది. థియేటర్ దగ్గర పోస్టర్ చూసి లోపలికెళ్తాం, కానీ పోస్టర్‌తో పాటు పేపర్లో రివ్యూ ఉంటుంది, పక్కింటాయన మాట ఉంటుంది, హీరో పేరుంటుంది. వీడియో కొట్లో అరలో వంద క్యాసెట్లు వరసగా ఉంటాయి, అందులో సగం పేర్లు ఎప్పుడూ విననివే. చాలా కొట్లలో అరల్లో పెట్టేది ఖాళీ డబ్బాలే, అసలు క్యాసెట్ కౌంటర్ వెనకాల ఉంటుంది. అంటే జనం ఎంచుకునేది అక్షరాలా కవర్నే. లోపల ఏముందో ఇంటికెళ్ళాక గానీ తెలీదు. అద్దె ముందే కట్టేశాం కాబట్టి తెలిసినా చేసేదేం లేదు.

ఈ కిటుకు అందరికంటే బాగా పట్టుకున్నది బ్రిటన్లోని చిన్న చిన్న వీడియో కంపెనీలు. పెద్ద స్టూడియోలు ఇంకా "ఇద్దామా వద్దా" అని తేల్చుకోలేకపోతున్నాయి. కొట్లలో అరలేమో ఖాళీగా ఉన్నాయి. దాంతో వీళ్ళు ఇటలీ నుంచీ అమెరికా నుంచీ చవగ్గా దొరికిన హారర్ సినిమాలన్నీ తెచ్చి నింపేశారు. ఇంకో సౌకర్యం ఏంటంటే, థియేటర్లో వేసే సినిమాకి సెన్సార్ ఉంది గానీ క్యాసెట్‌కి సర్టిఫికెట్ ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. చట్టం రాసినప్పుడు క్యాసెట్లే లేవు మరి.

'డ్రిల్లర్ కిల్లర్' ఈ వరసలో వచ్చిందే. 1979లో న్యూయార్క్‌లో ఏబెల్ ఫెరారా తీసిన సినిమా. డబ్బుల్లేక, బొమ్మ పూర్తికాక, పక్క ఫ్లాట్లో రాత్రీపగలూ వాయించే బ్యాండ్ గోల భరించలేక ఓ చిత్రకారుడికి మతి చలించడం కథ. డ్రిల్లుతో హత్యలున్నమాట నిజమే, కానీ సినిమాలో ఎక్కువ భాగం అద్దె బకాయిల గొడవలు, ఫోన్ బిల్లు, బ్యాండ్ రిహార్సల్. నిజం చెప్పొద్దూ, మధ్యలో ఓ కునుకు కూడా తీశాను. విప్‌కో అనే కంపెనీ 1982లో దీన్ని బ్రిటన్లో క్యాసెట్‌గా వదుల్తూ, సినిమా మొత్తంలోంచి ఒకే ఒక్క ఫ్రేమ్ ఏరి కవర్ మీద వేసింది. ఒక మనిషి నుదుట్లోకి డ్రిల్ దిగుతూ ఉంటుంది, రక్తం, తెరుచుకున్న నోరు. అంతే. అదే బొమ్మతో వీడియో పత్రికల్లో పేజీ నిండా ప్రకటనలూ ఇచ్చారు. ప్రకటనల మీద నిఘా పెట్టే సంస్థకి ఫిర్యాదులు వెల్లువెత్తాయి.

గమనించండి, ఫిర్యాదు సినిమా మీద కాదు, బొమ్మ మీద. సినిమా చూసినవాళ్ళు చాలా తక్కువ. కొట్టుకెళ్ళిన ప్రతి తల్లీ తండ్రీ చూసింది కవర్నే, అదీ పిల్లాడి చెయ్యి పట్టుకుని. వాళ్ళ కోపంలో న్యాయం లేదని నేననను. పత్రికలు ఈ సినిమాలన్నిటికీ కలిపి 'వీడియో నాస్టీస్' అని పేరు పెట్టేశాయి. అశ్లీల ప్రచురణల చట్టం కింద పోలీసులు కొట్ల మీద దాడులు మొదలుపెట్టారు. ఏది పట్టుకోవాలో వాళ్ళకి మాత్రం ఏం తెలుసు? పేరూ బొమ్మా చూసి ఎత్తుకుపోవడమే. 'ద బిగ్ రెడ్ వన్' అనే మామూలు యుద్ధం సినిమాని కూడా ఆ పేరులో ఏదో ఉందనుకుని పట్టుకుపోయారని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. చివరికి ప్రాసిక్యూషన్ శాఖ ఒక జాబితా తయారుచేసింది. వేర్వేరు సమయాల్లో అందులోకి మొత్తం 72 సినిమాలెక్కాయి, 39 మీద కేసులు రుజువయ్యాయి. ఆ 39లో మన డ్రిల్లు సినిమా కూడా ఉంది. 1984లో వీడియో రికార్డింగ్స్ చట్టం వచ్చింది. ప్రతి క్యాసెట్‌కీ సెన్సార్ తప్పనిసరి అయింది. ఆ తర్వాత 1987లో కవర్లని కూడా ముందే చూసి సరేననడానికి విడిగా ఓ కమిటీ పెట్టారు. సినిమాకి ఒక సెన్సారు, దాని అట్టకి ఇంకో సెన్సారు!

(మన వృత్తివాళ్ళకి నచ్చే ముక్క ఒకటుంది. ఆ 1984 చట్టాన్ని యూరోపియన్ కమిషన్‌కి ముందుగా తెలియజెయ్యాల్సింది, ఎవరో మర్చిపోయారు. 2009లో బయటపడింది. పాతికేళ్ళు ప్రొడక్షన్లో నడిచిన చట్టం, డిప్లాయ్‌మెంట్‌లో ఒక స్టెప్ మిస్సయినందువల్ల అమలుకి పనికిరాదని తేలింది. 2010లో అదే చట్టాన్ని మళ్ళీ పాస్ చేసుకున్నారు. మనం చేసే తప్పులు మరీ అంత పెద్దవేం కావు :) )

ఆ జాబితా ఒక పని మాత్రం చేసింది. ఏ సినిమాలు దాచుకోవాలో కుర్రాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేకుండా చెప్పేసింది. చట్టానికి ముందు వచ్చిన క్యాసెట్లని అక్కడ 'ప్రీ-సర్ట్' అంటారు. కవర్ చెక్కుచెదరకుండా ఉన్నవి ఒక్కోటి వందల పౌండ్లకి పోతాయి. టేపు అరిగిపోయి ఉండొచ్చు, బూజు పట్టి ఉండొచ్చు, ఎవరూ పట్టించుకోరు. సినిమా బ్లూరేలో శుభ్రంగా దొరుకుతుంది. దొరకనిది ఆ అట్టే.

ఇంతలో డీవీడీ వచ్చింది. అమెరికాలో 1997లో. డిస్క్ చూస్తే అరచేతిలో పట్టేంత, డబ్బా మాత్రం ఇంత పొడుగ్గా ఎందుకా అని ఎప్పుడైనా అనుకున్నారా? దాని ఎత్తు ఇంచుమించు వీహెచ్ఎస్ డబ్బా ఎత్తే, అందుకే కొట్లవాళ్ళు పాత అరలు మార్చకుండానే సర్దుకోగలిగారు. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అన్నమాట. వార్నర్ వాళ్ళు కొన్నేళ్ళు అట్టతో చేసి పక్కన ప్లాస్టిక్ క్లిప్పు పెట్టిన డబ్బాలు వాడారు. నాలుగుసార్లు తెరిస్తే అంచులు చిరిగేవి, అందుకే కలెక్టర్లు ఆ డబ్బాని ఇప్పటికీ తిట్టుకుంటారు.

కవర్‌కి మళ్ళీ పట్టాభిషేకం చేసింది బ్రిటన్లోనే ఆరో వీడియో అనే కంపెనీ. 2009 ప్రాంతం నుంచి పాత హారర్ సినిమాలని కొత్త బొమ్మలు వేయించి మరీ వదలడం మొదలుపెట్టారు. 1983లో 'ఈవిల్ డెడ్'కి బ్రిటన్ పోస్టర్ వేసిన గ్రాహమ్ హంఫ్రీస్ లాంటి వాళ్ళ చేత మళ్ళీ కుంచె పట్టించారు. వీళ్ళ తెలివంతా కవర్ కాగితాన్ని రెండువైపులా అచ్చెయ్యడంలో ఉంది. ఒకవైపు కొత్త బొమ్మ, తిప్పితే వెనకవైపు పాతది. 2016లో 'డ్రిల్లర్ కిల్లర్'ని కూడా వీళ్ళే బ్లూరేగా తెచ్చారు. ముప్పై ఏళ్ళ క్రితం సినిమాని ముంచిన బొమ్మ ఇప్పుడు అమ్మకానికి ఆకర్షణ అయింది.

ఇదంతా జరుగుతుండగా ఇంకోవైపు కవర్ని చడీచప్పుడు లేకుండా తీసి అవతల పారేసినవాళ్ళూ ఉన్నారు. 1998లో నెట్‌ఫ్లిక్స్ పోస్టులో డీవీడీలు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. డబ్బాతో పంపితే బరువు, పోస్టేజీ. డబ్బా లేకుండా పల్చటి కాగితం జేబులో పెట్టి ఎర్ర కవర్లో పంపితే మామూలు ఉత్తరమే. వ్యాపారం నిలబడిందే ఆ లెక్క మీద. 2023 సెప్టెంబర్ 29న ఆఖరి డిస్కులు పంపి ఆ పని ఆపేశారు. మన దగ్గర 2007లో మోసర్ బేర్ 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అని దిగినప్పుడు మా ఇంటి టీవీ స్టాండులో డిస్కులు గుట్టలు పడ్డాయి. ఆ ధరకి కవర్ గురించి అడిగేవాడెవడు? ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళిపోయింది. మా ఇంట్లో డిస్కులు ఇంకా ఉన్నాయి, ఏ డిస్కు ఏ జేబుదో మాత్రం తెలీదు.

స్ట్రీమింగ్ వచ్చాక కవర్ పోయిందనుకున్నాను. పోలేదు, మారింది. 2017 డిసెంబర్లో నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లే వివరంగా రాశారు. ఒకే సినిమాకి ఎవరికి ఏ బొమ్మ చూపించాలో కాంటెక్స్చువల్ బాండిట్స్ అనే పద్ధతితో లెక్కకట్టి నిర్ణయిస్తారు. 'గుడ్ విల్ హంటింగ్' ఉదాహరణ ఇచ్చారు. ప్రేమకథలు ఎక్కువ చూసేవాళ్ళకి మ్యాట్ డేమన్, మిన్నీ డ్రైవర్ జంట బొమ్మ, కామెడీలు చూసేవాళ్ళకి రాబిన్ విలియమ్స్ బొమ్మ. ఇంజనీరుగా ఆ వ్యాసం చదివి ముచ్చటపడ్డాను, దాచుకోను. ఏడాది తిరక్కుండానే, 2018లో, అమెరికాలో నల్లజాతి ప్రేక్షకులు కొందరు ఒక సంగతి పట్టుకున్నారు. 'లైక్ ఫాదర్' సినిమాలో ముఖ్యపాత్రలు క్రిస్టెన్ బెల్, కెల్సీ గ్రామర్‌లవి. వీళ్ళకి మాత్రం కాసేపు కనపడి వెళ్ళిపోయే నల్లజాతి నటుల బొమ్మ చూపించింది. కంపెనీ వాళ్ళు మేం ఎవరి జాతీ అడగం, చూసిన చరిత్రని బట్టే లెక్కగడతాం అన్నారు. నిజమే అయ్యుండొచ్చు. మోడల్‌కి జాతి అనే కాలమ్ అక్కర్లేదు, మిగతా కాలమ్స్ చాలు. ఈ సంగతి మనకి తెలియంది కాదు.

అబద్ధం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. విప్‌కో వాళ్ళ కవర్ పచ్చి మోసమే, ఒక్క ఫ్రేమ్ చూపించి గంటన్నర సినిమాని ఇంకోటేదోలా అమ్మింది. కానీ ఆ అబద్ధం అందరికీ ఒకటే. పట్టుకుని కోర్టులో బల్లమీద పెట్టగలిగారు. నలభై ఏళ్ళ తర్వాత నేను చేతిలోకి తీసుకుని "ఇదిగో, దీనికే దేశం హడలిపోయింది" అని చూడగలుగుతున్నాను. నిన్న రాత్రి నాకు ఏ బొమ్మ చూపించి ఏ సినిమా క్లిక్ చేయించారో ఇవాళ పొద్దున నాకే గుర్తులేదు. ఎక్కడో ఒక లాగ్‌లో ఉంటుంది. రిటెన్షన్ గడువు అయ్యాక అదీ పోతుంది.

మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' సంగతే చూడండి. సినిమా మనకి మిగల్లేదు, ప్రింటు దొరకలేదు. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఎన్నో ఏళ్ళు అనుకున్నాం. పాత సెన్సార్ వివరాలూ, అప్పటి పత్రికలూ తిరగేసి అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చినవారు రెంటాల జయదేవ. రీలు పోయినా కాగితం మిగిలింది కాబట్టి తేలింది. ఆనాటి చాలా సినిమాల్లో ఎవరు నటించారో, పాటలు ఎవరు రాశారో ఇవాళ మనకి తెలిసేది థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల వల్లే. వాటిని అటక మీద దాచినవాళ్ళని కూడా ఇంట్లోవాళ్ళు నా పక్క సీటాయన చూసినట్టే చూసుంటారు.

మొన్న సంక్రాంతికి అమ్మావాళ్ళు హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ డబ్బా హాల్లో పుస్తకాల అరలో, పాత బొమ్మ బయటికి ఉండేలా పెట్టి ఉంది. పై అరలో వెంకటేశ్వరస్వామి పటం. అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఓసారి చూసి, "ఏంట్రా ఈ దరిద్రం, స్వామి కింద?" అంది. కాగితం బయటికి లాగి, తిరగేసి, మళ్ళీ దూర్చాను. కొత్త బొమ్మ కూడా ఆవిడకి నచ్చలేదు. డబ్బా ఇప్పుడు బెడ్రూమ్ అలమారలో ఉంది, లోపల కాగితాన్ని మళ్ళీ పాతవైపుకి తిప్పేశాను.