పాలకుర్తి సోమన అడిగిన ప్రశ్న

సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే రైలు జనగామ దాటాక రఘునాథపల్లిలో ఆగుతుంది. ఆ ఊరికి ఆగ్నేయాన పాలకుర్తి ఉంది. పడమట, ఆలేరు దగ్గర కొలనుపాక ఉంది. పెద్దలు చెప్పిందల్లా తలొంచి ఒప్పుకోవాలా అన్న ప్రశ్న రాగానే మనం ఏథెన్సును తలుచుకుంటాం. కాకతీయుల కాలంలో ఈ నేల మీద కూడా ఆ ప్రశ్న గట్టిగానే వినపడింది. అడిగినవాడు ఆ పాలకుర్తి కవి పాల్కురికి సోమనాథుడు, అంటే సోమన.

ముందు గ్రీకుల సంగతి చూద్దాం. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో పుట్టిన జెనోఫనీస్ అనే కవి దేవుళ్ల రూపాల మీదే అనుమానం లేవనెత్తాడు. ఇథియోపియా వాళ్ల దేవుళ్లు నల్లగా, చప్పిడి ముక్కుతో ఉంటారనీ, త్రేసు వాళ్ల దేవుళ్లకు నీలికళ్లు, ఎర్రజుట్టు ఉంటాయనీ ఎత్తి చూపాడు. ఎడ్లకు చేతులుండి బొమ్మ గీయగలిగితే దేవుణ్ణి ఎద్దులాగే గీస్తాయన్నాడు. ఆ తర్వాత సోక్రటీసు వచ్చాడు. కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి న్యాయస్థానానికి వచ్చిన యూథిఫ్రో, దైవభక్తి అంటే ఏమిటో తనకు బాగా తెలుసన్నాడు. సోక్రటీసు అతన్ని ఆపి అడిగాడు: దేవతలు మెచ్చారు కనుక అది పుణ్యమైందా, పుణ్యం కనుక దేవతలు మెచ్చారా? ప్లేటో రాసిన ఆ సంభాషణలో జవాబు తేలదు. యూథిఫ్రో పని ఉందంటూ వెళ్లిపోతాడు. క్రీస్తు పూర్వం 399లో ఏథెన్సు సోక్రటీసుకు మరణశిక్ష వేసింది.

సోమన బసవపురాణంలోనూ తండ్రీకొడుకుల తగువు ఉంది. కొడుక్కి ఈడు వచ్చిందని మాదిరాజు ఉపనయనానికి సిద్ధమవుతాడు. పిల్లవాడు బసవన్న వద్దంటాడు. శివుణ్ణి నమ్ముకున్నవాడికి వేరే సంస్కారంతో పనేమిటని తండ్రితో వాదించి, చివరికి ఇల్లు విడిచి వెళ్తాడు. పుట్టుకతో వచ్చే గొప్పతనాన్ని తెలుగు కావ్యంలో ఇంత సూటిగా నిలదీయడం అప్పటికి కొత్త.

మాదార చెన్నయ్య కథ మరీ పదునైనది. చోళరాజు గుర్రాలకు గడ్డి కోసుకొచ్చి బతికే మాదిగ చెన్నయ్య, ఎవరి కంటా పడకుండా రోజూ శివుడికి అంబలి నైవేద్యం పెట్టేవాడు. కరికాల చోళుడు పెట్టే రాజభోజనం రోజూ ఆరగించే శివుడు ఒకనాడు పళ్లెం ముట్టలేదు. తన వల్ల తప్పు జరిగిందేమోనని రాజు తల్లడిల్లాడు. చెన్నయ్య ఇంట అంబలి తాగి వచ్చాననీ, కడుపు నిండిందనీ శివుడు చెప్పాడు. రాజు ఆ గుడిసె వెతుక్కుంటూ పోయి చెన్నయ్య కాళ్ల మీద పడ్డాడు.

ఈ కథలకు సోమన ఎంచుకున్న ఛందస్సు కూడా ఒక తిరుగుబాటే. నన్నయ మహాభారతం వేసిన బాట పద్యగద్యాల చంపువు, వృత్తాలు, సంస్కృత సమాసాలు. సోమన ద్విపద పట్టుకున్నాడు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అలాంటి పాదాలు రెండేసి. చదువు రానివాళ్లూ గొంతు కలిపి పాడుకోగల నడక అది. తన మరో కావ్యం పండితారాధ్యచరిత్రలో శ్రీశైలం వెళ్లే యాత్రికుల పాటలను, తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు సహా, పేరుపేరునా లెక్కపెట్టాడు. పండితులు పట్టించుకోని జనం పాటలకు కావ్యంలో చోటిచ్చాడు.

పండితులు ఊరుకోలేదు. తర్వాతి కాలపు కవి పిడపర్తి సోమన ఒక సంగతి చెబుతాడు. ఓరుగల్లు స్వయంభూదేవుని గుడిలో శివభక్తులు బసవపురాణం వింటుండగా ప్రతాపరుద్రుడు వచ్చి అదేమిటని అడిగాడు. నిన్నమొన్న అల్లిన ద్విపద, వళ్లు కూడా సరిగా లేవు, ప్రమాణం కాదని పక్కనున్న బ్రాహ్మణుడు తీసిపారేశాడు. రాజు వెళ్లిపోయాడు. అంబలి కథలో నిజమెంత అని ఆ బ్రాహ్మణుడు అడగలేదు. యతిస్థానంతోనే తీర్పు చెప్పేశాడు. ఆ తీర్పు కాలానికి నిలవలేదు. 1369లో భీమకవి బసవపురాణాన్ని కన్నడంలోకి తెచ్చాడు. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్ ఇంగ్లిషులోకి అనువదించారు.

ఇక్కడే సోమన్ను కూడా నిలదీయాలి. పండితారాధ్యచరిత్రలో వాదప్రకరణం అని ఒక భాగమే ఉంది. చందవోలులో వెలనాటి రాజు కొలువులో ఆ కావ్యనాయకుడు మల్లికార్జున పండితారాధ్యుడు బౌద్ధాచార్యుడితో వాదిస్తాడు. ఆ వాదం మాటలతో ముగియదు. పండితుడి శిష్యులు ఆ బౌద్ధుణ్ణి చంపేస్తారు. రాజు పండితుడి కళ్లు పీకిస్తాడు. సోమన ఆ శిష్యుల పక్షాన నిలబడి కథ చెప్పాడు. బసవపురాణంలో జైనుల మీద సాగిన దౌర్జన్యాన్ని కూడా భక్తి కిందే జమకట్టాడు. కులాన్ని, భాషను, ఛందస్సును అంత ధైర్యంగా ప్రశ్నించినవాడు శివభక్తి గడప దగ్గర ఆగిపోయాడు. సోక్రటీసు యూథిఫ్రోను అడిగినట్టు సోమన తనవాళ్లను అడగలేదు.

కొలనుపాకలో జైనుల తీర్థం, వీరశైవుల సోమేశ్వరాలయం నేటికీ ఒకే ఊళ్లో పూజలందుకుంటున్నాయి. సోమన కథల్లో తలపడ్డ రెండు మతాలవే ఆ గుళ్లు. జనగామ పిల్లలకు మాదార చెన్నయ్య అంబలి కథ చెప్పే ఉపాధ్యాయులు చందవోలు వాదాన్ని కూడా పక్కనే పెట్టి చదివించాలి. ఆ బౌద్ధుడి తరఫున ఏం మాట్లాడవచ్చో పిల్లల్నే అడగాలి.