పులికాటు తీరమునఁ బక్షిరక్షణము

చరిత్రమనిన దండయాత్రలే కాదు. ఒక చెరువునకును, దానిపై వ్రాలు పక్షులకును గూడఁ జరిత్రము కలదు. తడకుఁ దూర్పుననున్న పులికాటు సరస్సున శీతకాలమందు ఫ్లెమింగోలు మేయుచుండును. ఆ ప్రాంతముననే నేలపట్టు చెరువులోని కడపచెట్లపై గూడబాతులు గూళ్లుగట్టి పిల్లలను బెంచును.

1976లోఁ బులికాటులోని యాంధ్రభాగమును, నేలపట్టును బ్రభుత్వము పక్షిరక్షితస్థలములుగాఁ బ్రకటించెను. కాని శాసనమునకు ముందే నేలపట్టు రైతులు పక్షులను గాచుచుండిరి. రెట్ట కలసిన చెరువునీరు పైరునకు మంచి యెరువని వారెఱుఁగుదురు. తమిళదేశమున వేడందాంగల్ గ్రామస్థులును, సిపాయిలు పక్షులను గాల్చుచుండఁగాఁ జెంగల్పట్టు కలెక్టరునకు మొఱపెట్టుకొని, 1798లోనే కౌలు పొందిరి.

రైతులు కాచుటకుఁ దోడు నేఁడు లెక్కించుటయుఁ జేరినది. 1987 మొదలు ప్రతి జనవరియందును జరుగు ఆసియా నీటిపక్షుల గణనమున స్వచ్ఛందసేవకులు జీతము గోరక, దుర్భిణి చేతఁబట్టి, జాతిజాతిని వేఱువేఱుగ నెంచి వ్రాయుదురు. ఏటేట లెక్క లేనిదే పక్షులు తగ్గినవో హెచ్చినవో తెలియదు. తెలియక కాపాడుట యెట్లు?

రైతు తన పైరుకొఱకుఁ గాచెను. సేవకుఁడు తనకేమియుఁ గోరక లెక్కించుచున్నాఁడు. ఈ రెండును లేనిచో శాసనము కాగితముగనే మిగులును. కావున గృహస్థులు తమ బాలురనేగాక బాలికలనుగూడ నీ గణనమునకుఁ బంపుదురుగాక యని మా మనవి.