మన్యములోని సమాధులు – తెగని తగవులు

కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్నది. నర్సీపట్నములో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఇంగ్లీషు పోలీసు అధికారుల సమాధులు ఉన్నవి. 1922 నుండి 1924 వరకు ఈ కొండలలో జరిగిన పోరాటమునకు ఇరుపక్షముల గుర్తులివి. మొదటి చోట ఏటేటా దండలు పడును. రెండవ చోటును గూర్చి అడుగువారే అరుదు.

డయాసిసు శతవార్షిక సంచికలో ఈ సంగతి ఎందుకని కొందరు సంఘస్థులు అడుగవచ్చును. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతముల మన విశ్వాసులలో అనేకుల తాతముత్తాతలు ఆ ఫితూరీని కండ్లార చూచినవారు. వారి మనుమలు నేడు మన మధ్య కూర్చుండి ఆ కథ చెప్పునప్పుడు ఒకరు చెప్పినది ఇంకొకరు ఒప్పుకొనరు. వ్రాసి పెట్టుకొననిచో తగవు మిగులును గాని కథ మిగలదు.

మొదటి తగవు పేరును గూర్చినది. చాలమంది దీనిని రంప ఫితూరీ అని, 1879లో జరిగిన దానితో కలిపివేయుచున్నారు. ఆ మొదటిది కల్లు పన్ను మీదను, మన్సబుదారు దౌర్జన్యము మీదను లేచినది. రెండవది గూడెం కొండలలో పుట్టి రంపకు ప్రాకినది. 1882 అటవీ చట్టము వచ్చిన తరువాత పోడు కొట్టుకొనుట నేరమయ్యెను, అడవిలో పశువులను మేపుకొనుటకు ఆంక్షలు వచ్చెను, ముఠాదారుల అధికారము తగ్గెను. పైగా ఘాటు రోడ్డు పనికి కొండవారిని బలవంతముగా తోలి, ఇస్తామన్న కూలి ఇవ్వలేదు. ఈ పని చేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు పేరు బాస్టియన్. క్రైస్తవ నామము గలవాడని ఆ పేరును మన పుస్తకములో దాటవేయుట న్యాయము కాదు.

రెండవది జన్మస్థలమును గూర్చినది. పాండ్రంగి అని విశాఖ వారు, మోగల్లు అని భీమవరము వారు పట్టుబట్టుదురు. సంవత్సరము కూడ 1897 అని కొందరు, 1898 అని కొందరు వ్రాయుచున్నారు. మా దృష్టిలో ఊరి తగవుకు మన ఇండ్ల ఆచారమే జవాబు. తొలి కాన్పు పుట్టింట జరుగును. పాండ్రంగి తల్లి పుట్టినూరు, మోగల్లు తండ్రి ఊరు. పిల్లవాడు పుట్టినది మొదటిది, చెప్పుకొను స్వగ్రామము రెండవది. 1897 జూలై 4, పాండ్రంగి అని ఎక్కువమంది అంగీకరించిన లెక్కనే మేమును వ్రాసికొంటిమి.

మూడవది మరణస్థలము. మంప అని ఒకరు, కొయ్యూరు అని ఒకరు, కృష్ణదేవిపేట అని ఇంకొకరు. ఇందులో అబద్ధము ఎవరిదియు కాదు. మంప దగ్గర పట్టుబడెను, కొయ్యూరులో కాల్చబడెను, కృష్ణదేవిపేటలో దహనము జరిగెను. తేదీ 1924 మే 7. పారిపోబోగా కాల్చితిమని సర్కారు వారు వ్రాసిరి. చెట్టునకు కట్టి కాల్చిరని జనము చెప్పిరి. పట్టుబడి చేతికి చిక్కిన మనిషిని విచారణ లేకుండ చంపిరనుట మాత్రము రెండు కథలలోను ఉన్నది. అక్కడ తగవుకు చోటే లేదు.

ఇక నర్సీపట్నపు సమాధుల సంగతి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగెను. 26 తుపాకులు రాజు గారి వశమయ్యెను. తీసికొనిన ఆయుధముల లెక్కను ఆయన స్టేషను పుస్తకములోనే వ్రాసి సంతకము పెట్టెను. దొంగతనమునకు వచ్చినవాడు రసీదు ఇచ్చునా? నెల తిరుగగానే, సెప్టెంబరు 24న, దామనపల్లి కనుమలో పోలీసు దళము నడుచుచుండగా ముందు నడుచు మన దేశస్థులను పోనిచ్చి, వెనుక వచ్చిన ఆ ఇద్దరు అధికారులను కాల్చిరి. ఎవరిని కాల్చవలెను, ఎవరిని కాల్చరాదు అని ముందే నిర్ణయించుకొనిన దాడి అది. ఆ తరువాతనే సర్కారు మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును ఈ కొండలలోనికి దింపెను.

తెల్లవారు గనుక ఆ ఇద్దరు మనవారని, ఆ సమాధుల సంగతి మనమే చూచుకొనవలెనని మన పెద్దలలో ఒక అభిప్రాయము ఉన్నది. పరిపాలకుల కొలువులో చనిపోయినవారి గుర్తులు అక్కర లేదని యువకులు అందురు. మేము రెంటికిని ఒప్పుకొనము. మతము ఒకటైనంత మాత్రమున వారి తుపాకి మనది కాదు. అయినను ఆ రాళ్లు లేనిచో దామనపల్లిలో ఏమి జరిగినదో కంటికి చూపు గుర్తు ఒకటి తగ్గిపోవును. కనుక సంఘపు పుస్తకములో వారి పేర్లు, తేదీ, చంపబడిన చోటు వ్రాసి, వారు ఏ పనిమీద ఆ కనుమ ఎక్కిరో కూడ ప్రక్కనే వ్రాయవలెను.

మాకు ఎక్కువ బాధ కలిగించునది మరియొకటి. చచ్చిన ఇద్దరు దొరల పేర్లు పుస్తకములలో ఉన్నవి. రాజు గారి పేర 2022లో ఒక జిల్లాయే ఏర్పడెను, పాడేరు దానికి కేంద్రము. కాని ఆయన వెంట నడిచిన కొండదొరలు, కోయలు, బగతల పేర్లు పదింటికి మించి మనలో ఎవరికిని రావు. గాం గంటందొర 1924 జూన్‌లో పోలీసుల తుపాకికి కూలెను. ఆయన తమ్ముడు మల్లుదొరకు మొదట ఉరిశిక్ష పడి, తరువాత ద్వీపాంతరవాసముగా మారెను. అండమాను నుండి తిరిగి వచ్చి 1952లో విశాఖపట్నము నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఇద్దరన్నదమ్ములను గూర్చి ఇంత తెలిసినది. తక్కిన వందల మందిని గూర్చి తెలిసికొనుటకు చింతపల్లి, కొయ్యూరు, గూడెం సంఘములలో ఎనుబది దాటిన పెద్దల యొద్దకు ఈ వేసవిలోనే పోవలెను. వారు తమ తండ్రుల నోట విన్న పేర్లు, ఊరు పేరుతోను ఇంటిపేరుతోను, వారు చెప్పిన మాటలోనే వ్రాయించి పంపినచో పాస్టరేటు పుస్తకములో చేర్చెదము.