కణానికి పేరు, కణం వలన పేరు



తెలుగు పండితునికి జీవశాస్త్రంతో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇది ఒక పాతబాకీ. వడ్డీతో సహా తీర్చుకోవాలని ఈ టపా వ్రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒకనాడు జీవశాస్త్రం మాస్టారు సెలవు పెట్టారు. ఆ పీరియడు ఖాళీగా పోకూడదని ప్రధానోపాధ్యాయులవారు నన్ను ఎనిమిదవ తరగతికి పంపారు. పిల్లలను పాఠ్యపుస్తకం తీసి తమలో తాము చదువుకొమ్మని చెప్పి కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి వెనుక బల్ల నుండి ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ! కణమంటే నలుసు అని మొన్న పద్యం చెబుతూ మీరే అన్నారు కదండీ. ఈ పుస్తకంలో కణానికి పొర ఉంటుందనీ, లోపల ద్రవం ఉంటుందనీ, నడుమ కేంద్రకం ఉంటుందనీ వ్రాశారు. నలుసుకు ఇవన్నీ ఎట్లా ఉంటాయండీ?"

నా వద్ద సమాధానం లేదు. "రేపు చెబుతాను, కూర్చో" అన్నాను. మరునాడు జీవశాస్త్రం మాస్టారు వచ్చేశారు. ఆ రేపు మరి రాలేదు. విశ్రాంత జీవితంలో తీరిక దొరికిన తరువాత ఆ ప్రశ్న మళ్ళీ నన్ను వెదుక్కుంటూ వచ్చింది.

ముందు మాట సంగతి చూద్దాం. కణమంటే సంస్కృతంలో లేశము, తునక, గింజ ముక్క. అగ్నికణం అంటే నిప్పురవ్వ, జలకణం అంటే నీటితుంపర, తండులకణం అంటే నూక. పిల్లవాడు చెప్పినది అక్షరాలా నిజం. ఇరుగుపొరుగు భాషలవారు ఈ మాటను తీసుకోలేదు. కన్నడిగులు జీవకోశ అన్నారు, మలయాళులు కోశం అన్నారు, హిందీవారు కోశికా అన్నారు, మరాఠీవారు పేశీ అన్నారు. తమిళులు మాత్రం ఉయిరణు, అంటే ప్రాణాణువు అని, మన దారికి దగ్గరగా వచ్చారు. కోశమంటే ఒర, పెట్టె, లోపల ఏదో దాచుకున్నది. పొరా ద్రవమూ కేంద్రకమూ ఉన్నదానికి అదే తగిన పేరేమో అనిపిస్తుంది. మరి మనవారు నలుసును ఎందుకు పట్టుకున్నారు? ఈ ప్రశ్నను ఇక్కడ కాసేపు ఆపి, అసలు ఈ వస్తువుకు మొదట పేరు పెట్టినవాని వద్దకు పోదాం.

ఆయన ఇంగ్లండు దేశస్థుడు రాబర్ట్ హుక్. 1665లో ప్రచురించిన 'మైక్రోగ్రాఫియా' అనే గ్రంథంలో, సూక్ష్మదర్శిని కింద తాను చూచిన వస్తువులను బొమ్మలతో సహా వర్ణించాడు. సీసా బిరడాకు వాడే బెండును పదునైన చాకుతో పలుచగా కోసి చూడగా, తేనెపట్టులోవంటి చిన్నచిన్న గదులు కనిపించాయి. హుక్ లెక్కల మనిషి. అంగుళం పొడవులో వెయ్యికి పైగా, చదరపు అంగుళంలో పది లక్షలకు పైగా, ఘనపు అంగుళంలో నూట ఇరవై కోట్లకు పైగా అటువంటి గదులున్నాయని గణించాడు. వాటిని వర్ణిస్తూ 'సెల్' అనే మాట వాడాడు. ఆ మాటకు చిన్నగది అని అర్థం. మఠంలో సన్యాసి ఉండే గదీ సెల్లే, చెరసాలలో ఖైదీ ఉండే గదీ సెల్లే. మనం జేబులో వేసుకుని తిరిగే సెల్లు ఫోనుకు కూడా, సేవాప్రాంతాన్ని చిన్నచిన్న గడులుగా విభజించడం వలననే ఆ పేరు వచ్చింది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. బెండు ప్రాణం పోయిన పదార్థం. హుక్ దానిలో చూచినవి ఖాళీ గదుల గోడలు మాత్రమే. పచ్చి మొక్కలలో ఆ గదుల నిండా రసం ఉండటాన్ని కూడా ఆయన గమనించాడు, కాని ప్రాణమంతా ఆ రసంలోనే ఉన్నదని ఆనాడు ఎవరికీ తోచలేదు. గృహస్థు వెళ్ళిపోయిన ఇంటిని చూచి పెట్టిన పేరు గృహస్థుకే నిలిచిపోయింది. నేటి జీవశాస్త్రజ్ఞులందరూ ప్రాణానికి మూలమైన వస్తువును ఖాళీగది అనే పిలుస్తున్నారన్నమాట.

గదిలో కాపురమున్నవారిని చూచినవాడు హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి, ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్. విశ్వవిద్యాలయం మెట్లెక్కినవాడు కాడు. పండితభాషయైన లాటిన్ రాదు. తన చేతితో తానే అరగదీసుకున్న చిన్న కటకంతో చూచేవాడు. ఆయన చేసిన సూక్ష్మదర్శినులలో మిగిలిన ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపుతుంది. 1674లో చెరువునీటి చుక్కలో కదలాడే ప్రాణులను చూచాడు. 1683లో తన పళ్ళ పాచిలో వాటికంటె సూక్ష్మమైనవాటిని చూచి, లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాశాడు. జాబులన్నీ తన మాతృభాషయైన డచ్చిలోనే. అక్కడివారు వాటిని అనువదించుకుని చదివారు. మొదట నమ్మలేదు. 1677లో హుక్ స్వయంగా నీటిచుక్కలోని ప్రాణులను సొసైటీవారికి చూపించిన తరువాత నమ్మారు. తన భాషలో వ్రాసుకున్నా, చెప్పవలసిన విషయం ఉంటే లోకమే వచ్చి చదువుకుంటుందనడానికి ఇది సాక్ష్యం. మనబోటివారికి కొంత ధైర్యమిచ్చే సాక్ష్యం కూడా.

ఆ తరువాత నూట యాభై ఏళ్ళు గడిచాయి. 1831లో రాబర్ట్ బ్రౌన్ అనే స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్కిడ్ మొక్కల కణాలలో ప్రతిదానిలోనూ ఒక గుండ్రని చుక్కను గుర్తించి కేంద్రకమని పేరుపెట్టాడు. 1838లో జర్మనీ దేశంలో ష్లైడెన్, మొక్కల శరీరమంతా కణాలతోనే ఏర్పడుతుందన్నాడు. బెర్లినులో ఒకనాడు భోజనవేళ ఈ సంగతి తన మిత్రుడు ష్వాన్‌తో చెప్పాడు. జంతువుల దేహంలో తానూ అటువంటి కేంద్రకాలనే చూచానని ష్వాన్‌కు తోచింది. 1839లో ఆయన గ్రంథం వెలువడింది. మర్రిచెట్టుకూ మనిషికీ ఇల్లు కట్టిన ఇటుక ఒక్కటేనని లోకానికి తెలిసింది.

ఇటుక సరే, కొత్త ఇటుక ఎక్కడనుండి వస్తుంది? ఇక్కడ ఇద్దరూ పొరబడ్డారు. పాకంలో కలకండ పలుకులు కట్టినట్లు, ద్రవంలో కేంద్రకం పేరుకుని, దాని చుట్టూ కణం తయారవుతుందని చెప్పారు. ఈ పొరపాటుకు మనం నవ్వవలసిన పని లేదు. ఐతరేయోపనిషత్తు ప్రాణులలో అండజములతో, ఉద్భిజ్జములతో పాటు స్వేదజములను కూడా చెప్పింది. చెమటనుండి పేలు పుడతాయని మన పెద్దలు నమ్మారు, బురదనుండి పురుగులు పుడతాయని వారి పెద్దలు నమ్మారు.

ఈ పొరపాటును దిద్దినవాని పేరు రాబర్ట్ రెమాక్. మీలో ఎందరు విన్నారో నాకు తెలియదు. ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టేవరకు నేను వినలేదు.

రెమాక్ 1815లో ప్రష్యా ఏలుబడిలోని పోజెన్ పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టాడు. నేడది పోలండులో ఉంది. బెర్లినులో ష్వాన్ చదువుకున్న గురువు యొహానెస్ ముల్లర్ వద్దనే ఈయనా చదువుకున్నాడు. విద్యలో ఎవరికీ తీసిపోడు. కాని ఆనాటి ప్రష్యాలో యూదునికి విశ్వవిద్యాలయంలో బోధించే అర్హత లేదు. క్రైస్తవం పుచ్చుకుంటే తలుపులు తెరుచుకునేవి. ఆయన పుచ్చుకోలేదు. వైద్యం చేసి జీవనం గడుపుకుంటూ పరిశోధన సాగించాడు. బోధనకు అనుమతి కోరుతూ 1843లో రాజుకే అర్జీ పెట్టుకున్నాడు, ఫలితం లేకపోయింది. చివరకు 1847లో హంబోల్ట్ వంటి పెద్దల మాటసాయంతో జీతం లేని ఉపన్యాసకుని హోదా దక్కింది.

ఆయన సూక్ష్మదర్శిని కింద ఉంచినవి కోడిగుడ్డులోని పిండాలు. 1841లోనే పిండపు రక్తంలో ఒక కణం రెండుగా చీలడాన్ని చూచాడు. ఒకచోట చూచినదానిని అన్నిచోట్లా నిజమనడానికి తొందరపడలేదు. పదేళ్ళకు పైగా కప్పగుడ్లనూ, కోడి పిండాలనూ పరీక్షిస్తూ పోయాడు. 1852లో నిశ్చయంగా ప్రకటించాడు: కణం ద్రవంలో పేరుకోదు, ఉన్న కణం చీలడం వలననే కొత్త కణం పుడుతుంది. కణాలు బయట తమంతట తాము తయారవుతాయనడం, ప్రాణులు తమంతట తాము పుడతాయనడం వలెనే నమ్మదగినది కాదని కూడా అన్నాడు. ఫ్రాన్సులో పాశ్చర్ తన ప్రయోగాలతో స్వయంజననవాదాన్ని పడగొట్టడానికి ఇంకా సుమారు పదేళ్ళు ఉంది.

1855లో బెర్లిను వైద్యలోకంలో మహా ప్రఖ్యాతి పొందబోతున్న రుడాల్ఫ్ విర్షో, ప్రతి కణమూ కణం నుండే అనే అర్థం గల లాటిన్ వాక్యాన్ని తన వ్యాసంలో ప్రకటించాడు. రెమాక్ పేరు అందులో లేదు. కొన్నేళ్ళ ముందువరకు విర్షో కూడా ద్రవంలో కణాలు పేరుకుంటాయనే నమ్మినవాడే. చిత్రమేమిటంటే, ఆ లాటిన్ వాక్యం కూడా ఆయన కూర్చినది కాదు. రస్పాయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1825లోనే తన వ్యాసానికి శీర్షాన ఉంచుకున్నది.

విర్షో అల్పుడని నా అభిప్రాయం కాదు. రోగమంటే కణాలలో వచ్చిన మార్పేనని 1858 నాటి గ్రంథంలో నిరూపించి, వైద్యశాస్త్రానికి కొత్త దారి వేసింది ఆయనే. పేదల ఆరోగ్యం కోసం ప్రభుత్వాలతో పోరాడిన మనిషి. కాని తాను నిలబడిన మెట్టు ఎవరు కట్టినదో చెప్పకపోవడం లోపమే. పాఠ్యపుస్తకాలు ఆ వాక్యం కింద విర్షో పేరే వ్రాస్తూ వచ్చాయి. రెమాక్‌కు 1859లో సహాయాచార్య పదవి దక్కింది. 1865లో, యాభై ఏళ్ళకే కన్నుమూశాడు. ఆయన పేరే పెట్టుకున్న మనుమడు గణితశాస్త్రజ్ఞుడయ్యాడు. అతడు 1942లో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ప్రాణం కోల్పోయాడు. తాతకు పదవి అడ్డుకున్న కారణమే మనుమనికి ప్రాణం తీసింది.

మన భాషలో 'పేరు' అనే మాటకు రెండర్థాలున్నాయి. పెట్టేది ఒకటి, వచ్చేది ఒకటి. కణానికి పెట్టిన పేరు తప్పు, కణం వలన వచ్చిన పేరు చేరవలసినవానికి చేరలేదు.

ఇక్కడ మనవాడొకడు జ్ఞాపకం రాకమానడు. 1895లో భీమవరంలో పుట్టి అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తినాణెం వంటి ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో ఫిస్కేతో కలిసి గుర్తించారు. ఆ సంవత్సరమే జర్మనీలో లోమన్ కూడా గుర్తించాడు. ఆ తరువాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి చూడగా, 10 మందికి తాత్కాలికంగానైనా నెమ్మదించింది. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. ఆ మందు చేసే పని, కణాలను చీలనీయకపోవడం. రెమాక్ కోడిపిండపు రక్తంలో మొదట చూచిన చీలిక ఏదో, సుబ్బారావుగారి మందు అడ్డుకున్నదీ ఆ చీలికనే. ఆ ఏడాదే ఆయన మరణించారు. ఒక బూజుజాతికి ఆయన పేరు పెట్టారు. 1995లో మన ప్రభుత్వం తపాలాబిళ్ళ వేసింది. ఆయన మందులతో బ్రతికినవారిలో ఎందరికి ఆయన పేరు తెలుసు?

ఇక బాకీ సంగతి. మన దేహంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయని నేటి లెక్క. ఇవన్నీ తల్లి గర్భంలో ఏర్పడిన ఒకే ఒక కణం చీలి, చీలి, పెరిగినవే. ఆ ఒక్క కణం తల్లిదండ్రుల కణాల కలయిక, వారివి వారి తల్లిదండ్రులవి. రెమాక్ మాట నిజమైతే, ఈ గొలుసు కోట్ల ఏళ్ళుగా ఎక్కడా తెగలేదు.

అమరకోశం తిరగేస్తే, గుడ్డుకు చెప్పిన పర్యాయపదాలలో పేశి, కోశము రెండూ ఉన్నాయి. పెట్ట కడుపులో తయారయ్యే పచ్చసొన నిజానికి ఒకే ఒక పెద్ద కణం. కన్నడిగులూ మరాఠీలూ ఎంచుకున్న మాటలు తెలిసో తెలియకో ఎంత చక్కగా కుదిరాయో చూడండి. ఇది చూపించి మనవారికి అప్పుడే కణశాస్త్రం తెలుసునని వాదించేవారుంటారు. కణాదమహర్షిని కూడా సాక్ష్యానికి పిలుస్తారు. నేను ఆ వాదానికి పోను. సూక్ష్మదర్శిని లేనిదే చూడలేనిదాన్ని ఎవరూ చూడలేదు. మాట కుదిరింది, అంతే. కుదిరినందుకు సంతోషిద్దాం.

మరి మన నలుసు మాటేమిటి? మా ఇళ్ళలో ఆడవారు కొత్తకోడలి విషయంలో, "కడుపున ఒక నలుసు పడితే చాలు" అంటూ ఉండేవారు. మా అమ్మ నోట, మా అత్తగారి నోట ఎన్నిసార్లు విన్నానో. మనిషి మొదలయ్యేది నలుసుతో. ఆ నలుసుకు పొర ఉంటుంది, లోపల ద్రవం ఉంటుంది, నడుమ కేంద్రకం ఉంటుంది. ఖాళీగది అని ఇంగ్లీషువారు పెట్టిన పేరుకంటె, నూరేళ్ళ బ్రతుకును తనలో దాచుకున్న నలుసు అనే మన మాటే నాకు నచ్చుతున్నది.

నాయనా, నీ పేరు నాకిప్పుడు జ్ఞాపకం లేదు. అడిగినవాని పేరు మరచిపోయి ప్రశ్నను మాత్రం దాచుకున్నాను. విర్షోను తప్పుపట్టే అధికారం నాకెంతవరకు ఉందో ఆలోచించుకోవలసిందే. నీవెక్కడున్నా, నీ ప్రశ్న మంచిదని, దానికి ఆరోజు నాకు సమాధానం తెలియదని ఇప్పుడైనా ఒప్పుకుంటున్నాను.

స్వస్తి.