ప్లాస్టిక్‌పై లేజర్ చెక్కడం, కోత: వర్లి, కామాఠిపురా అక్షరాలు

సన్నటి కాంతిపుంజం వేడితో ప్లాస్టిక్ పైపొరను తొలిచి రాతను తేల్చడాన్ని లేజర్ చెక్కడం అంటారు. అదే వేడిని షీటు అడుగుదాకా దించితే కోత అవుతుంది. నేమ్‌ప్లేట్లు, షాపు బోర్డుల అక్షరాలు, జ్ఞాపికలు ఇలా తయారవుతాయి.

ఈ పనికి ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో సి. కుమార్ ఎన్. పటేల్ కనిపెట్టారు. ఆయన పుట్టింది మహారాష్ట్రలోని బారామతిలో. ఈ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 10.6 మైక్రాన్లు, కంటికి కనబడదు. మనకు అద్దంలా కనిపించే అక్రిలిక్ దాన్ని పీల్చుకుని ఆవిరైపోతుంది. కోసిన అంచు సానపట్టినట్టు మెరుస్తుంది. అచ్చులో పోసి చేసిన (కాస్ట్) అక్రిలిక్ షీటు మీద రాత పాలలా తెల్లగా తేలుతుంది. మిషన్‌తో నెట్టి సాగదీసిన (ఎక్స్‌ట్రూడెడ్) షీటు మీద అంత తేలదు. పాలికార్బొనేట్ అంచు మాడి గోధుమరంగుకు తిరుగుతుంది.

పీవీసీని మాత్రం ఈ మిషన్‌లో పెట్టనే కూడదు. ఫ్లెక్స్ బ్యానరూ పీవీసీయే. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, మిషన్ పట్టాలను తుప్పు పట్టిస్తుంది. ఇరుకు గదుల్లో పనిచేసేవాళ్లకు ఇది ప్రాణాల మీది మాట. అక్రిలిక్ అయినా పొగ గొట్టం లేనిదే కోయకూడదు; మంట అంటుకునే గుణం దానికీ ఉంది, మిషన్ నడుస్తుండగా మనిషి పక్కన ఉండాల్సిందే.

ఇక ఈ పని తెలుగు అక్షరాలకు ఎలా కుదురుతుందో ముంబయిలోని రెండు పేటల పేర్లతో చూద్దాం. కామాఠిపురాకు ఆ పేరు తెలుగు నేల నుంచి వచ్చి ముంబయి కట్టడాల్లో కూలిచేసిన కామాఠీల వల్ల వచ్చింది. రెండో పేట వర్లి. అక్కడి బీడీడీ చాళ్లు, అంటే ఒంటిగది ఇళ్ల వరుసలు, 1920లలో కట్టినవి. ఒక్కో గది సుమారు 160 చదరపు అడుగులు. వాటి స్థానంలో లేచిన అంతస్తుల భవనాల్లో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు తాళంచెవులు అందాయి. కొత్త తలుపు మీద ఇంటిపేరును తెలుగులో కోయించాలంటే మన లిపి తీరు తెలియాలి.

దేవనాగరిలో శిరోరేఖ మాటంతటినీ పట్టి ఉంచుతుంది. కోసిన మాట దాదాపు ఒకే ముక్కగా చేతికొస్తుంది. తెలుగులో ఏ అక్షరానికి ఆ అక్షరమే. ప, స, హల తలకట్టు ఒంటికి అంటదు. ‘వర్లి’ కోస్తే కింది లవత్తు విడిగా రాలుతుంది. ‘కామాఠిపురా’లో ఠ కడుపులోని చుక్క మిషన్ అడుగున ఉండే జల్లెడలోంచి జారిపోయేంత చిన్నది. అందుకని వెనక ఆనించే పలకను ముందే కోసి, దాని మీద అక్షరాల గీతలు పలచగా చెక్కించి, ముక్కలను ఆ గీతల్లో అతికించాలి. పేరు చిన్నదైతే రెండు రంగుల ఏబీఎస్ ప్లాస్టిక్ షీటు మీద చెక్కించడమే మేలు. రాలే ముక్కే ఉండదు.

కొత్తగా కోసిన అక్రిలిక్ అంచును స్పిరిటుతో తుడిస్తే సన్నటి బీటలు వారుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.