బాయి పేరు, ఇంటి పేరు: మందమర్రి కుటుంబ చరిత్రల్లో సాఫ్ట్‌వేర్, డీఎన్‌ఏ సాక్ష్యం

ప్రవేశిక

బొగ్గుగనుల పట్టణం మందమర్రిలో ఒక మనిషికి రెండు పేర్లుండటం వింత కాదు. ఇంట్లో పిలిచేది ఒకటి, బాయి (బొగ్గుగని) మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పడేది ఇంకొకటి. సింగరేణిలో ఒకరి పేరు మీద మరొకరు పనిలో చేరి, ఆ పేరుతోనే రిటైరైన కార్మికులున్నారు. కోల్‌బెల్ట్‌లో దీన్ని మారుపేర్ల సమస్య అంటారు. డిపెండెంట్ ఉద్యోగం, పింఛను దగ్గరికి వచ్చేసరికి ఇది కుటుంబాలను కుదిపేస్తుంది. దీని పరిష్కారం కార్మిక సంఘాల కోర్కెల్లో ఏళ్లుగా ఉన్నదే. ఇలాంటి చోట కుటుంబ చరిత్ర రాయడానికి వంశవృక్ష సాఫ్ట్‌వేర్, డీఎన్‌ఏ పోలిక ఏ మేరకు పనికొస్తాయన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రక్తం దగ్గరితనాన్ని చూపగలదు గాని వరుసను చెప్పలేదన్నది, వరుస తేలాలంటే మనుషుల మాట కావాలన్నది దీని ప్రతిపాదన.

కాగితం, నోటిమాట

1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ ఆ పేరుతో కంపెనీగా నమోదైంది. గనులు గోదావరి తీరం వెంట విస్తరించినకొద్దీ పల్లెలు వదిలి వచ్చిన కుటుంబాలతో కార్మికవాడలు నిండాయి. వాళ్ల చరిత్రకు మొదటి లిఖిత ఆధారం కంపెనీ కాగితమే. 1952 గనుల చట్టం కింద గనిలో పనిచేసే ప్రతి ఒక్కరి వివరాలు ఫారం-బి రిజిస్టరులో ఉండాల్సి వచ్చేది. బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్ నామినేషన్లలో భార్యాపిల్లల పేర్లు దొరుకుతాయి. అయితే మారుపేరు ఉన్న ఇంట్లో ఈ కాగితాలన్నీ ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు. మొదటి నమోదును చూసి మిగతావి రాసుకున్నప్పుడు అవి వేర్వేరు సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యానికి నకళ్లు.

ఇంకో ఆధారం నోటిమాట. పాత ఆదిలాబాద్ జిల్లాలో రాజగోండుల వంశాలను ప్రధాన్లు, తోటీలు తరతరాలుగా గానం చేస్తూ వచ్చారు. తెలంగాణలో మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు అలాంటి కథకులే. కుటుంబం బాయి పనికి తరలి వచ్చినా ఈ జ్ఞాపకం వెతకాల్సింది తాతల ఊళ్లోనే.

సాఫ్ట్‌వేర్‌లో రెండు పేర్లకు చోటు

ఉచితంగా దొరికే గ్రాంప్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒకే వ్యక్తికి ఎన్ని పేర్లయినా ఇవ్వవచ్చు. ప్రతి పేరుకూ దాని ఆధారాన్ని విడిగా జోడించవచ్చు. తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు, సొంత కంప్యూటరులోనే దాచుకోవచ్చు. ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే: రెండు పేర్లు కనబడగానే ఇద్దరు మనుషులను సృష్టించకూడదు, ఒక పేరు తప్పని కొట్టేయకూడదు. మారుపేరు కూడా ఆ ఇంటి చరిత్రే. ముప్పై ఏళ్లు బొగ్గు ఎత్తే తట్టా చెమ్మాస్ పట్టిన మనిషి ఏ పేరుతో చెమటోడ్చాడో ఆ పేరు వంశవృక్షంలో ఉండి తీరాలి.

సెంటీమోర్గాన్ల లెక్క

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తమ్ముడు అన్న పేరుతో గనిలో చేరాడు. తమ్ముడి పిల్లల బడి సర్టిఫికెట్లలో తండ్రి పేరు అన్నదే పడింది. ఊళ్లో ఉన్న అన్న పిల్లలకూ సహజంగా అదే పేరు. కాగితం మీద వీళ్లంతా ఒకే తండ్రి బిడ్డలు. తెలుగు వరుస కూడా ఆ చిక్కు విప్పదు, ఎందుకంటే పెదనాన్న, చిన్నాన్న పిల్లలు మనకు అన్నదమ్ములూ అక్కాచెల్లెళ్లే.

డీఎన్‌ఏ ఇక్కడ పనికొస్తుంది. ఇద్దరు పంచుకున్న జన్యుభాగాల మొత్తాన్ని సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. వంశవృక్ష పరిశోధకుడు బ్లెయిన్ బెటింగర్ నడిపిన డీఎన్‌ఏ పోలికల సేకరణలోని 2020 నాటి లెక్కల ప్రకారం సొంత తోబుట్టువులకు సగటు 2613, అన్నదమ్ముల పిల్లలకు 866. ఈ అంతరం పెద్దది కాబట్టి ఒక తండ్రా, ఇద్దరా అన్నది తేలుతుంది. కానీ ఆ అన్నదమ్ములు అక్కాచెల్లెళ్లను చేసుకుని ఉంటే? మన ఇళ్లలో అది మామూలే. అప్పుడు వాళ్ల పిల్లలు పంచుకునేది దాదాపు రెట్టింపై, ఒకే తండ్రికి వేర్వేరు తల్లుల ద్వారా పుట్టినవారి సగటు 1759కి దగ్గరగా వస్తుంది. మొత్తం అంకె ఒక్కటే చూస్తే పొరబడతాం. తల్లివైపు, తండ్రివైపు రెండింటా ఒకేచోట సరిపోయే భాగాలున్నాయేమో చూడాలి. అవి ఇలా రెండువైపులా చుట్టాలైన పిల్లల్లో కనిపిస్తాయి, తల్లుల మధ్య చుట్టరికం లేని సవతి తోబుట్టువుల్లో ఉండవు. తోడికోడళ్లు అక్కాచెల్లెళ్లేనని ముందే చెప్పే నానమ్మ ఉంటే ఈ శ్రమ సగం తగ్గుతుంది.

మేనరికం తెచ్చే మెలిక

మేనబావను చేసుకున్న అమ్మాయి పిల్లలకు ముత్తాతలు, ముత్తవ్వలు ఎనిమిది మంది కాదు, ఆరుగురే. మేనమామను చేసుకుంటే నాన్నవైపు తాత, నానమ్మలే అమ్మవైపు ముత్తాత, ముత్తవ్వలు కూడా అవుతారు. సాఫ్ట్‌వేర్ చిత్రంలో ఆ ఇద్దరు రెండు చోట్ల కనబడితే అది పొరపాటు కాదు. కులంలోపలి పెళ్లిళ్ల ప్రభావం ఇంకా లోతైనది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాకు చెందిన 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగిన జాడ ఫిన్లాండ్ ప్రజల్లో కన్నా బలంగా ఉంది. అలాంటి సమూహంలో దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. పాశ్చాత్య సగటులను మందమర్రికి యథాతథంగా వర్తింపజేస్తే తప్పుడు చుట్టరికాలు పుట్టుకొస్తాయి. విదేశీ డీఎన్‌ఏ నిల్వల్లో అత్యధికులు ఐరోపా మూలాలవారు కావడం వల్ల, అపరిచిత చుట్టాల కోసం వెతకడం కన్నా తెలిసిన ఇద్దరు పెద్దలను పోల్చడమే ఇక్కడ మేలు.

సమ్మతి, భద్రత

డీఎన్‌ఏ ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిది. డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి, 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. మన న్యాయవ్యవస్థ కూడా పితృత్వ పరీక్షను మామూలుగా ఆదేశించదు. వివాహబంధంలో పుట్టిన బిడ్డకు చట్టబద్ధ సంతానమనే రక్షణ 2023 భారతీయ సాక్ష్య అధినియంలోనూ కొనసాగింది. మందమర్రిలో పేరు మీద పింఛను, పిల్లవాడి ఉద్యోగం ఆధారపడి ఉన్నాయి. దాచిన నిజం బయటపడితే ముందుగా నిందపడేది ఆడవాళ్ల మీద. అందుకే బతికున్నవారి వివరాలను ఆన్‌లైన్ వృక్షాల్లో పెట్టకూడదు. ఏ ఫలితం వచ్చినా భరించగలమా అని ఇంట్లో మాట్లాడుకోకుండా నమూనా తీయకూడదు.

ముగింపు

కాబట్టి పని వరుస ఇలా ఉండాలి: ముందు మాట, తర్వాత కాగితం, ఆ రెండింటికీ పొసగనిచోట మాత్రమే డీఎన్‌ఏ. కాగితం కార్యాలయంలో ఉంటుంది, డీఎన్‌ఏ పిల్లల్లో ఎంతో కొంత మిగులుతుంది. బొగ్గుపొడి ఊపిరితిత్తుల్లో నింపుకున్న ఆ తరం మాట మాత్రం వాళ్లతోనే పోతుంది. పరిశోధకుడు ఈ వారమే ఒక రిటైర్డ్ కార్మికుడి ముందు కూర్చుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: “తాతా, బాయిల నీ పేరేంది? ఇంట్ల మీ అవ్వ నిన్నేమని పిలిచేది?”